జాడీ గిన్నెలో మీగడ దుంపలు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా ఆడపడుచు కూతురు స్వప్న భవానీపురంలోని మా ఇంటికి వచ్చింది. చేతిలో తువ్వాలు చుట్టిన వేడి గిన్నె. బెంజ్ సర్కిల్ దగ్గర ఏదో దుకాణంలో కొన్నదట, బయట ముదురు గోధుమరంగు, లోపల తెలుపు. అందులో బంగాళదుంపల్ని రేకుల్లా కోసి, పొరలు పొరలుగా పేర్చి, క్రీమ్ పోసి, కొత్తగా కొన్న కరెంటు ఓవెన్‌లో కాల్చి తెచ్చింది. ఫోన్‌లో చూసి నేర్చుకుందట. "ఇట్లాంటిది మీరెప్పుడూ తినుండరు అత్తయ్యా, రుచి చూసి చెప్పండి ఎట్లా ఉందో," అంటూ చెంచాతో తీసి నా నోటి దగ్గర పెట్టింది. నేను చప్పున నోరు తెరవలేకపోయాను. ఇంత వయసొచ్చిన మనిషి ఒక చెంచాని చూసి జంకడమేమిటో ఆ పిల్లకి అర్థం కాలేదు. వేడికి భయపడ్డాననుకుని ఊది మళ్లీ పెట్టింది. తిన్నాను. బాగుందని చెప్పాను. నిజంగానే బాగుంది. కాని తినే వస్తువు గురించి ఆ ఒక్క మాట అనడం నాకు ఇప్పటికీ కష్టమే. ఎందుకో స్వప్నకి చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

అప్పట్లో మేం బెజవాడలో ఒక మిషన్ ఆసుపత్రి ఆవరణలో ఉండేవాళ్లం. మేమంటే అమ్మ, నేను. నాకు నాలుగేళ్లప్పుడే నాన్న పోయాడు. అమ్మ పేరు రూతమ్మ. నర్సుల బడికి పెద్దగా ఉన్న దొరసానిగారి బంగళాలో వంట చేసేది. బంగళా వెనక, వంటింటి గోడకి ఆనుకుని ఒక గది, ముందు చిన్న వసారా, అదే మా ఇల్లు. ఉద్యోగంతో వచ్చిన గది కనుక ఉద్యోగం ఉన్నంతకాలమే మాది. నేను చదివే బడి కూడా దొరసానిగారి మాట మీద చేర్చుకున్నదే. ఈ సంగతులు ఎవరూ నన్ను కూర్చోబెట్టి చెప్పలేదు. అమ్మ గది ఊడ్చే తీరులోనే తెలిసేది. ఎవరో వచ్చి ఇప్పుడే చూస్తారన్నట్టు రోజుకి మూడుసార్లు ఊడ్చేది.

దొరసానిగారు పొడగరి, సన్నటి మనిషి. తెల్లవారగానే టీ తాగి, గొడుగు వేసుకుని వార్డులన్నీ తిరిగొచ్చేవారు. వానా ఎండా లేకపోయినా గొడుగు ఉండాల్సిందే. తెలుగు బందరులో ఒక ముసలి పాదిరిగారి దగ్గర బైబిలు చదివి నేర్చుకున్నారట, అందుకని ఆవిడ మాట ప్రసంగంలా ఉండేది. "రూతమ్మా, నేడు ఏమి వండుచున్నావు?" అనేవారు. అమ్మ తలుపు దగ్గర నిలబడి జవాబు చెప్పేది. ఆవిడ కోపగించుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అయినా ఆవిడ చెప్పుల చప్పుడు వరండాలో వినబడితే అమ్మ వెన్ను నిటారుగా అయ్యేది, దాన్ని చూసి నాదీ అయ్యేది.

ఆవిడకి అన్నిటికన్నా ఇష్టమైంది మీగడ దుంపలు. దానికోసం తన దేశం నుంచి ఓడలో, దుప్పట్లలో చుట్టి తెచ్చుకున్న గిన్నె ఒకటి ఉండేది. మన ఆవకాయ జాడీ లాంటి మట్టే, అంత బరువూ, అదే నునుపూ. జాడీని అడ్డంగా కోసి అడుగు భాగం మాత్రం ఉంచినట్టుండేది. అమ్మ దాన్ని జాడీ గిన్నె అనేది. ముందు గిన్నె లోపలంతా వెల్లుల్లి రెబ్బతో రుద్దేది, తర్వాత వెన్న రాసేది. దుంపల్ని కత్తిపీట మీద అవతలి వెలుగు కనబడేటంత పల్చగా తరిగేది. ఒక వరస దుంపలు, సన్నగా కోసిన ఉల్లిపాయలు, ఉప్పు, మిరియాల పొడి, కాస్త జాజికాయ, ఆపైన పాలు కలిపిన గేదె మీగడ. మళ్లీ దుంపలు. అట్లా అయిదారు వరసలు. బంగళా వంటింట్లో ఇనప పొయ్యి ఉండేది. ఒక పక్క కట్టెలు, ఇంకో పక్క చిన్న తలుపున్న అర. గిన్నె పెట్టేముందు అమ్మ ఆ అరలోకి చెయ్యి పెట్టి మనసులో ప్రభువు ప్రార్థన చెప్పుకునేది. సగం ప్రార్థన దాకా చెయ్యి ఉంచగలిగితే వేడి సరిపోయినట్టు. మొదట్లోనే తియ్యాల్సొస్తే కట్టెలు వెనక్కి లాగేది. గంట గడిచేసరికి వెన్నలో ఉల్లిపాయ మగ్గే వాసన, దాని వెనక జాజికాయ, చివర పైపొర ఎర్రబడుతున్నప్పుడు కాలిన పాల వాసన. అమ్మకి గడియారం అక్కర్లేదు. వసారాలో బట్టలు ఉతుకుతూ ముక్కు ఎగబీల్చి, "అయ్యింది," అని లేచేది.

ఆ వానాకాలం అమ్మకి జ్వరం పట్టుకుంది. రెండు వారాలకి పైగా ఆసుపత్రిలోనే ఉంది. నన్ను నర్సులు చూసుకున్నారు. అమ్మ తిరిగొచ్చిన రెండోరోజు నేను బడినుంచి వచ్చేసరికి వంటింట్లో పాలు మాడి గిన్నె నల్లగా అయిపోయింది. అమ్మ దానికి నాలుగడుగుల దూరంలో కూర్చుని చిక్కుళ్ల ఈనెలు తీస్తోంది. "అమ్మా, పాలు మాడిపోతన్నాయి," అన్నాను. ఆమె గిన్నె వంక చూసింది, నా వంక చూసింది. లేచి పొయ్యి మీంచి గిన్నె దింపి, గూట్లోంచి కరివేపాకు తీసి నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత ఇంగువ డబ్బా. తర్వాత కిరసనాయిలు సీసా మూత తీసి, మూతికి ముక్కు ఆనించి, చాలాసేపు అట్లాగే ఉంది. మూత బిగించి సీసా కింద పెట్టింది. ఉప్పు కల్లు నాలిక మీద వేసుకుంది. "ఏదో తగిలీ తగలనట్టుంది," అంది.

వాసన తెలియని వంటమనిషిని ఎవరు ఉంచుకుంటారు? ఆ ప్రశ్న అమ్మ పైకి అనలేదు, నేనూ అడగలేదు. మర్నాడు మధ్యాహ్నం బడిగంట కొట్టగానే ఇంటికి రమ్మంది. వచ్చాక చారు గరిటెతో తీసి అరచేతిలో పోసింది. "ఉప్పెట్టుందో చెప్పు అమ్మడూ." అట్లా మొదలైంది. నాకప్పుడు పదేళ్లు.

ఆ తర్వాత ఎనిమిది నెలలపాటు నేను అమ్మకి ముక్కూ నాలికా అయ్యాను. పొద్దున లేవగానే పాలు వాసన చూడాలి, గుడ్లు ఒక్కొక్కటే పగలగొట్టి చూడాలి, మాంసం తాజాదో కాదో చెప్పాలి. మధ్యాహ్నం గంట కొట్టగానే కాలువ వంతెన మీదుగా పరుగెత్తుకొచ్చి దొరసానిగారి భోజనం రుచి చూసి, నా అన్నం నాలుగు ముద్దలు మింగి, మళ్లీ పరుగెత్తాలి. దొరసానిగారు ఎప్పుడైనా వంటింట్లోకి వస్తే మాటలు కుదరవు గనుక మాకు గుర్తులుండేవి. ఉప్పు తక్కువైతే నేను జడ ముందుకు వేసుకోవాలి, ఎక్కువైతే వెనక్కి. ఏదైనా పాడైతే పైట లేని పిల్లని గనుక గౌను అంచు పట్టుకోవాలి. ఆవిడ వెళ్లేదాకా అమ్మ కళ్లు నా జడమీదే ఉండేవి. తోటిపిల్లలు మధ్యాహ్నం చింతచెట్టు కింద ఆడుకునే ఆటలు నేను ఆడింది లేదు. జలుబు చేస్తుందేమోనని వానలో తడవనిచ్చేది కాదు అమ్మ. ఒకసారి నిజంగానే జలుబు చేసింది. ఆ నాలుగు రోజులూ ఇద్దరం గుడ్డివాళ్లలా వండాం. దొరసానిగారి గదినుంచి ఖాళీ పళ్లెం తిరిగొచ్చేవరకు అమ్మ నీళ్లు కూడా తాగేది కాదు. పళ్లెంలో ఏమన్నా మిగిలితే అది ఆకలి లేక మిగిలిందా, రుచి లేక మిగిలిందా అని ఇద్దరం దాని మీదికి వంగి చూసేవాళ్లం.

మీగడ దుంపలు మాత్రం అమ్మ మెల్లగా మరోదారిన పట్టుకుంది. గిన్నె అంచున మీగడ ఉడికే చప్పుడు మొదట గుడగుడమని, నీరు ఇగిరేకొద్దీ చిటపటమని మారుతుందట. ఆ మార్పు వినగానే అర తలుపు తీసేది. పుల్ల గుచ్చితే ఎంత బరువుగా దిగుతుందో దాన్నిబట్టి దుంప ఉడికిందో లేదో చెప్పేది. అన్నీ సరిగానే వచ్చేవి. అయినా నా నోట 'బాగుంది' అన్నమాట పడితే తప్ప గిన్నె లోపలికి పంపేది కాదు.

ఎండలు ముదిరి ఒంటిపూట బళ్లు మొదలయ్యాయి. మదరాసు నుంచి నలుగురు పెద్దలు నర్సుల బడి చూడటానికి వస్తున్నారని, మధ్యాహ్నం భోజనం బంగళాలోనేనని దొరసానిగారు మూడురోజుల ముందు చెప్పారు. "నీ దుంపలు చేయుము రూతమ్మా. వారికి నీ దుంపల గూర్చి వ్రాసితిని." అమ్మ ఆ మూడురోజులూ మీగడ తీసి ఫ్రిజ్‌లో దాచింది. బంగళాలో ఉన్నది కిరసనాయిలు ఫ్రిజ్. కింద చిన్న దీపం వెలుగుతూ ఉంటేనే పైన చల్లగా ఉండేది. ఆ దీపం ఆ రాత్రి ఎప్పుడో ఆరిపోయింది. వత్తి కమిలిన వాసన వంటింట్లో ఉండే ఉంటుంది. అది పట్టుకోగలిగిన ముక్కు వంటింట్లో లేదు.

ఆ పొద్దున బడికి బయల్దేరుతున్నాను. గేటు దగ్గర నా స్నేహితురాలు కుమారి ఎదురుచూస్తోంది. కాలువ కట్టేశారు, నీళ్లు తీసేశాయి, అడుగున ఇసకలో గవ్వలూ ఇత్తడి బిళ్లలూ దొరుకుతున్నాయి, బడి గంటలోపు దిగి వెతుకుదామని ముందురోజే అనుకున్నాం. అమ్మ వంటింట్లోంచి పిలిచింది.

"ఈ మీగడ ఒకసారి చూసి పోవే."

నేను వసారా మెట్టు మీద ఉన్నాను. వెనక్కి తిరిగితే పది అడుగులు. కుమారి చెయ్యి ఊపుతోంది.

"బాగుందమ్మా," అన్నాను మెట్టు మీంచే.

"చూశావా?"

"పొద్దున్నే చూశాగా. బాగుంది," అని పరుగెత్తాను. పొద్దున చూసింది వసారాలో అప్పుడే పోయించుకున్న పాలు. మీగడ గిన్నె నేను ముట్టుకోనే లేదు.

పదకొండున్నరకి తిరిగొచ్చాను, గౌను జేబులో నాలుగు గవ్వలతో. బంగళా వెనక గేటు దాటగానే వాసన తగిలింది. మీగడ దుంపల వాసన కాదు, వేడెక్కిన పులుపు, కుడితిలాంటిది. అమ్మ అప్పుడే గిన్నె బయటికి తీసి బల్లమీద పెట్టినట్టుంది. చెమటతో మొహం మెరుస్తోంది. నన్ను చూసి నవ్వింది.

"చూడు ఎంత బాగా పొంగిందో. రా, రుచి చూడు."

పైపొర నిజంగా బంగారురంగులో ఉంది. చెంచాతో కదిపితే కింద మీగడ విరిగి నీళ్లు వేరు, తరకలు వేరుగా ఉంది. నాలిక మీద పెట్టుకుని వెంటనే ఉమ్మేశాను.

"పులిసిపోయిందమ్మా," అన్నాను.

"కాస్తా?"

"బాగా."

"తినలేరా?"

తల అడ్డంగా ఊపాను. అమ్మ ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని కిందికి వంగి చూసింది. దీపం లేని ఆ చీకటి గూటి ముందు కాసేపు అట్లాగే ఉంది. నేను పొద్దున ఏమన్నానో ఆమెకి గుర్తు రాకుండా ఉండదు. తిడుతుందని చూశాను. కొడితే బాగుండనిపించింది. ఆమె లేచి చేతులు కడుక్కుని, కొంగుతో మొహం తుడుచుకుని, "నువ్వు ఇక్కడే ఉండు," అని ముందు గదిలోకి వెళ్లింది. నేను వెనకే వెళ్లి తలుపు తెర చాటున నిలబడ్డాను.

దొరసానిగారు బల్లమీద పూలు సర్దుతున్నారు. అమ్మ చెప్పింది. దుంపలు పాడైపోయాయని, మీగడ పులిసిందని. ఆవిడ, "నీకు వాసన రాలేదా రూతమ్మా?" అన్నారు మామూలుగా.

"రాలేదండి. నాకు వాసన తెలవదండి. జ్వరం వచ్చిన కాడినుంచి తెలవట్లేదండి."

దొరసానిగారు పూలు వదిలేశారు. "ఎనిమిది నెలలు," అన్నారు. "నాతో ఎందుకు చెప్పలేదు?"

అమ్మ బల్లమీద రాలిన పూరేకులు ఏరసాగింది.

"ఈ ఎనిమిది నెలలు నేను తినిన భోజనమును ఎవరు రుచి చూచిరి?"

"నా కూతురండి."

"సువార్తను పిలువుము."

పిలవకముందే తెర పక్కకి జరిపి వచ్చాను. ఆవిడ నావంక చూసిన చూపులో కోపం లేదు, ఏదో లెక్క తప్పిన మనిషిలా చూశారు. "ఈ ఉదయమున ఆ మీగడను నీవు చూచితివా?"

జేబులో గవ్వలు గట్టిగా పట్టుకున్నాను. నేను ఏదో ఒకటి అనేలోపే అమ్మ అంది: "లేదండి. పిల్ల పొద్దున్నే బడికి పోయింది. నేను అడగలేదండి."

అమ్మ అబద్ధం చెప్పడం నేను విన్నది అదొక్కసారే. నేను తల వంచుకుని నిలబడ్డాను. నిజం చెప్పడానికి అప్పుడు చాలినంత సమయం ఉంది. గడియారం కొట్టుకోవడం వినబడింది. చెప్పలేదు.

దొరసానిగారు వంటింట్లోకి వచ్చి, వేలితో దుంపలు తాకి నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకున్నారు. గిన్నె తనే తీసి గచ్చు మీద పెట్టారు. అతిథులకి అన్నం, కోడికూర, పప్పుచారు పెట్టారు. పప్పుచారు కాగుతున్నంతసేపూ ఆవిడ పొయ్యి పక్కనే నిలబడి, గరిటె అమ్మ చేతిలోంచి తీసుకుని, తానే రుచి చూశారు. మర్యాదగానే తీసుకున్నారు. అయినా గరిటె పోయిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అమ్మ దాన్ని కొంగులో దాచుకుంది.

రెండురోజులు దొరసానిగారు ఏమీ చెప్పలేదు. ఆ రెండురోజులూ అమ్మ మా సామాను సర్దడం, విప్పడం, మళ్లీ సర్దడం. పెట్టె ఒకటే. మూడోరోజు దొరసానిగారు పిలిచి చెప్పారు. అమ్మ ఇకనుంచి ఆసుపత్రి బట్టల గదిలో పనిచెయ్యాలి. ఏలూరు నుంచి వేరే వంటమనిషి వస్తుంది. గది ఖాళీ చెయ్యాలి, నర్సుల వరసలో ఇంకో గది ఇస్తారు. "ఇంకొక మాట. ఇకమీదట సువార్త మధ్యాహ్నము బడిలోనే భుజించవలెను. తక్కిన పిల్లలతో ఆడుకొనవలెను," అన్నారు. ఆ మాట విన్నప్పుడు నా గుండె తేలికైంది. ఆ తేలికే నన్ను ఎక్కువకాలం వేధించింది. అమ్మ వంటిల్లు పోయినందుకు ఏడవాల్సినదాన్ని, బళ్లు మళ్లీ రెండుపూటలయ్యాక చింతచెట్టు కింద ఏ ఆట ఆడాలా అని ఆలోచించాను.

అమ్మ బట్టల గదిలో దుప్పట్లు మడతపెడుతూ చాలా ఏళ్లు పనిచేసింది. మంచి పేరే తెచ్చుకుంది. రెండేళ్లకి ఒకరోజు, "ఎక్కడో ఇస్త్రీ మాడతంది," అని అందరికన్నా ముందు తనే అందట. అట్లా వాసన సగం తిరిగొచ్చింది. ఈలోగా దొరసానిగారు తన దేశం వెళ్లిపోతూ జాడీ గిన్నె అమ్మకిచ్చి వెళ్లారు. బంగళా వంటింట్లోకి మాత్రం అమ్మ మళ్లీ అడుగుపెట్టలేదు. కొత్త వంటావిడ రమ్మన్నా గడప బయటే నిలబడి మాట్లాడేది.

ఇప్పుడైతే జ్వరం వచ్చి వాసన పోతే పేపర్లో రాస్తారు, ఫోన్లో ఒకరికొకరు చెప్పుకుంటారు, డాక్టరు వచ్చేస్తుందిలెమ్మంటాడు. పాల ప్యాకెట్ మీద తారీఖు ఉంటుంది. మా ఇంట్లో పదేళ్ల పిల్ల అబద్ధం ఆడితే అది హోంవర్క్ గురించో టీవీ గురించో అయి ఉంటుంది, దానిమీద ఒక ఇల్లు ఆధారపడి ఉండదు. ఆ రోజులు మంచివని, అప్పటి తిండి వేరని నా ఈడువాళ్లు అంటుంటే నేను వింటాను. ఆ మీగడ ఈనాటి క్రీమ్‌కన్నా చిక్కనన్నది నిజమే. కాని ఆ చిక్కదనం గుర్తొచ్చినప్పుడల్లా తిరిగొచ్చే పళ్లెంలో ఏం మిగిలిందోనన్న దడ కూడా దానితోపాటే వస్తుంది. రెంటినీ విడదీసి చూడటం నాకు చేతకాలేదు.

నిజం అమ్మకి చెప్పడానికి నాకు ముప్పై ఏళ్లకి పైగా పట్టింది. అప్పటికి నేనూ ఉద్యోగం చేస్తున్నాను, అమ్మ మా దగ్గరే ఉంటోంది. ఒక శనివారం మధ్యాహ్నం నేల మీద కూర్చుని బంగాళదుంపలు తరుగుతోంది. చూపు మందగించినా రేకులు అప్పటిలాగే వస్తున్నాయి. నేను ఎదురుగా కూర్చుని, ముందేమీ అనుకోకుండా, చెప్పేశాను. ఆ రోజు మీగడ చూడలేదమ్మా, మెట్టు మీంచే అన్నాను, కుమారి పిలుస్తోందని వెళ్లిపోయాను.

అమ్మ చెయ్యి ఆగింది. "అసలు చూడనే లేదా?" అంది.

"లేదు."

"చూసి కూడా పోల్చుకోలేకపోయావనుకున్నా ఇన్నాళ్లు. చిన్నపిల్ల, తెలవలేదులే అనుకున్నా." ఆమె మొహంలో బాధ కనబడింది, దాచుకోలేదు. తర్వాత కోసిన రేకులు నీళ్లలో వేస్తూ అంది: "పోస్తా ఉంటే మీగడ చేతికి తరకలు తరకలుగా తగిలింది. జారలేదు. ఇదేందబ్బా అనుకున్నా. అనుకుని, పిల్ల బాగుందని చెప్పిందిగా అని పోసేశా. నలభై ఏళ్ల చేతిని నమ్మకుండా పదేళ్ల పిల్లని నమ్మాను. నీమీద అంత బరువు పెట్టడం నాది తప్పు."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అమ్మ ఓదార్చలేదు. ఉల్లిపాయల చేట నా ముందుకి తోసింది.

"ఇవి తరుగు. ఇవి తరిగేటప్పుడు ఎంత ఏడ్చినా ఎవరూ ఎందుకని అడగరు," అంది.

నేను కత్తిపీట నావైపు లాక్కున్నాను.